తెరకి చిలకల వైపు

ఆ పని ఒప్పుకునే ముందు నన్నెవరూ అడగలేదు. ముందు ఆ సంగతి రాసి మిగతాది తర్వాత రాస్తాను. ఎందుకంటే మా ఇంట్లో ఈ విషయం ఎప్పుడొచ్చినా "సరదాపడి తనే కూర్చుంది" అని చెప్పుకోవడం అలవాటయిపోయింది. నేను సరదాపడలేదు. మామయ్యగారు వసారాలో కూర్చుని జువాలజీ లెక్చరర్ గారితో, "మనిషి కోసం వెతకడం ఎందుకండీ, మా కోడలు ఎస్సెల్సీ పాసయింది, రాత ముత్యాల్లా ఉంటుంది, కూర్చోబెట్టుకోండి" అన్నారు. అప్పుడు నేను తలుపు వెనకే మజ్జిగ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాను. నాతో మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రం బియ్యం ఏరుతూ అత్తయ్యగారు, "రేపట్నుంచి పొద్దున్నే తోటలో షెడ్డులోకి వెళ్ళాలట నువ్వు" అన్నారు.

అరవైల మొదట్లో, నా పెళ్ళయిన మూడో వేసవి అది. మా మామిడితోట నూజివీడు నుంచి ముసునూరు వెళ్ళే దారి పక్కన ఉండేది. ఎక్కువగా చిన్న రసాలు, కొంత బంగినపల్లి, గట్టు పొడుగునా కలెక్టరు కాయ. నా పుట్టిల్లు రెడ్డిగూడెం దగ్గర. అక్కడా మామిడే, ఇక్కడా మామిడే. కాయ జీడి అంటి చేతులు పొక్కని వేసవి నాకు ఊహ తెలిశాక లేదు. ఆ రోజుల్లో నేను కోరుకున్నది ఒక్కటే, టీచరు ట్రైనింగులో చేరడం. ఆడవాళ్ళకి వేరే స్కూలు, హాస్టలు ఉన్నాయి, రెండేళ్ళు చదివితే చాలు. మా ఆయన అడ్డు చెప్పలేదు, అలాగని సాయమూ చేయలేదు. మామయ్యగారిని అడిగితే రెండేళ్ళుగా "చూద్దాం" అనేవారు. ఈసారి మాత్రం షెడ్డు పని ఒప్పుకున్నాక, ఆయనే అత్తయ్యగారి చేత కబురు చెప్పించారు. చిలకల పని సక్రమంగా పూర్తయి, లెక్చరర్ గారు నా గురించి ఒక మంచి ఉత్తరం రాసిస్తే, జులైలో ట్రైనింగుకి పంపిస్తారట. ఒకే ఇంట్లో ఉంటూ నాకు కబురెందుకు పంపారని నేనడగలేదు. గుర్తుపెట్టుకున్నాను.

మామిడితోటలోకి అందరూ చిలకల్ని తోలడానికి వస్తారు. లెక్చరర్ గారు చిలకలున్నాయని వచ్చారు. ఆయన తెలుసుకోవాలనుకున్నది చిన్న విషయమే. ఒక చిలక చేసే పని చూసి ఇంకో చిలక నేర్చుకుంటుందా, లేక దేనికది తనంతట తానే తెలుసుకుంటుందా? మేమంతా దానికి నవ్వాం. గుంపులో ఒకటి కాయ కొరికితే మిగతావి ఊరుకుంటాయా? "ఊరుకోవు, కానీ చూసి నేర్చుకున్నాయో, పండు వాసనకి వచ్చాయో మీకెలా తెలుసు?" అని ఆయన అడిగారు.

ఇంతకుముందు ఆయన బతికున్న చిలకనే గురువుగా పెట్టి చూశారట. అది ఒకరోజు పాఠం చెప్పేది, ఒకరోజు అలిగి మూల కూర్చునేది. ఒకసారి గబుక్కున చేసేది, ఒకసారి ఒళ్ళు గోక్కుంటూ నిదానంగా చేసేది. చూసే చిలకలన్నిటికీ ఒకే పాఠం అందాలంటే గురువు ప్రతిసారీ ఒకేలా చెప్పాలి. అందుకని ఆయన సినిమా తీశారు. తర్ఫీదిచ్చిన ఒక చిలక, దాని ముందు బోర్లించిన రెండు కొబ్బరి చిప్పలు. అది నడిచి వెళ్ళి ఒక చిప్పని ముక్కుతో తిరగదోసి, కింద ఉన్న మామిడి ముక్క తింటుంది. అంతే సినిమా. రంగు లేదు, మాట లేదు. రెండో చిప్ప వైపు అది చూడనైనా చూడదు. ఆ బొమ్మ చూసిన చిలక ముందు అలాంటివే రెండు చిప్పలు పెడితే, అదీ అటువైపు చిప్పనే తిప్పుతుందా అన్నది పరీక్ష. వాసన మీద వెళ్ళకుండా రెండు చిప్పల కిందా ముక్కలు పెట్టేవాళ్ళు. చిలకకి ఆ బొమ్మ అసలు చిలకలాగా కనిపిస్తుందా, ఊరికే మిణుకు మిణుకుమనే వెలుగులాగా కనిపిస్తుందా అని కూడా ఆయనకి అనుమానం ఉండేది. ఆ అనుమానం నాతో కాదు, మామయ్యగారితో చెప్పేవారు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ వినేదాన్ని.

సినిమా వేసే ఆపరేటర్ నూజివీడు బజారులో కిరాణా వర్తకుల ఇంటి మనిషి. సొంత మెషీను ఉంది. ఊరూరా తిరిగి ఎరువుల మీద, శుభ్రత మీద పబ్లిసిటీ బొమ్మలు వేసేవాడు. మా పంపుసెట్టు కరెంటు మీద మెషీను నడిపేవాడు. మోటారు వేస్తే మెషీను పడుకునేది, అందుకని పొద్దున్న పది దాకా తోటకి నీళ్ళు లేవు. దానికి మామయ్యగారు ఎవరినీ ఏమీ అనలేక నన్ను విసుక్కునేవారు.

మొదటి రెండు రోజులూ అంతా ఎదురు తిరిగింది. షెడ్డు చీకటి చేస్తే చిలకలు రాత్రయిందనుకుని ముక్కు రెక్కలో పెట్టుకుని నిద్రపోయాయి. తలుపు తీస్తే బొమ్మ కనపడలేదు. మెషీను చిలకల గదిలోనే పెడితే, ఆ చప్పుడుకి పంజరం ఊచలకి కొట్టుకున్నాయి. చివరికి ఆపరేటరే ఉపాయం చెప్పాడు. షెడ్డులో రెండు గదులు, మధ్య తలుపు లేని గుమ్మం. ఆ గుమ్మానికి పల్చటి మల్లు గుడ్డ కట్టి, తడిపి, మెషీను ఒక గదిలో పెట్టి, చిలకని రెండో గదిలో పెడితే చాలన్నాడు. తడిగుడ్డ మీద బొమ్మ అవతలి వైపుకి బాగా దిగుతుంది, అట్టే చీకటి కూడా అక్కర్లేదు. లెక్చరర్ గారు గడియారం పట్టుకుని మెషీను గదిలోనే ఉండిపోయేవారు. చిలకల గదిలో మనుషులెక్కువైతే అవి బెదురుతాయని అటు నన్నొక్కదాన్నే ఉంచారు.

నా కోసం తాటాకు దడితో ఒక గూడు కట్టారు. పంజరానికి సరిగ్గా వెనక. కన్ను ఆనేంత సందు ఒకటి వదిలి, చుట్టూ గోనెలు కప్పారు. లోపల ఒక పీట, ఒక నోట్‌బుక్కు, ఒక పెన్సిలు, పైకి లాగే తాడు ఒకటి. నేనూ చిలకా ఇద్దరం తెర వైపే ముఖం పెట్టి కూర్చునేవాళ్ళం. ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానో తర్వాత తెలుస్తుంది. అవతల బొమ్మ ఆగగానే నేను తాడు లాగాలి. పంజరం ముందున్న చెక్క లేచి రెండు చిప్పలూ కనిపిస్తాయి. చిలక ముందు ఏ చిప్ప తిప్పిందో చూసి "ఎడమ" కింద గానీ "కుడి" కింద గానీ గీత గీయాలి. సినిమాలో చిలక ఏ చిప్ప తిప్పుతుందో నాతో ముందుగా చెప్పలేదు. తెలిస్తే నా కన్ను అటే పోతుందట.

పొద్దున్న ఆరింటి నుంచి పది దాకా అందులో ఉండాలి. దగ్గకూడదు, కదలకూడదు. గాజులు చప్పుడవుతాయని తీసేయమన్నారు లెక్చరర్ గారు. పెళ్ళయిన పిల్ల గాజులు తీయడమేంటని అత్తయ్యగారు ఊరుకోలేదు. నేను పాత చీర పీలిక తెచ్చి రెండు చేతుల గాజులకీ కట్టు కట్టినట్టు చుట్టుకునేదాన్ని. పైన రేకు. ఎనిమిది దాటితే రేకు కాగి, పక్కన గంపల్లో మగ్గుతున్న కాయల ఆవిరి, చిలకల రెట్ట వాసన కలిసి కళ్ళు తిరిగేవి. వెలుతురు పడకూడదని గూటి తలుపు బయట నుంచి తాడుతో కట్టేవాళ్ళు. అవసరం వచ్చినా పిలవడానికి లేదు, పిలిస్తే చిలక బెదురుతుంది. పొద్దున్నే నీళ్ళు తాగడం మానేశాను.

ఒకరోజు పని మధ్యలో హనుమాన్ జంక్షన్ నుంచి లారీ తీసుకుని కమీషన్ వ్యాపారి వచ్చాడు. మామయ్యగారు లెక్చరర్ గారిని, ఆపరేటర్ని కూడా పిలిచి కాయ కోసి పెట్టారు. మెషీను ఆగింది. నేను తాడు లాగాను, చిలక చిప్ప తిప్పింది, గీత గీశాను. తర్వాత బొమ్మ మొదలవుతుందని చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. చిలక నన్ను పసిగట్టి వెనక్కి తిరిగి సందులోంచి నా కంటి వైపు చూసింది. దానికి తలుపు తీయడం నాకు తెలుసు, నాకు తలుపు తీయడం ఎవరికీ గుర్తులేదు. చివరికి అత్తయ్యగారు "ఇది పప్పు రుబ్బడానికి రాలేదేంటి?" అని వెతుక్కుంటూ వచ్చి తాడు విప్పారు. మామయ్యగారు ఆ సాయంత్రం, "కేకేస్తే పోయేదిగా" అన్నారు. కేకేస్తే చిలక పని చెడిపోయిందని రాసేవాళ్ళు. అదీ నా మీదే రాసేవాళ్ళు.

పన్నెండు చిలకల్లో తొమ్మిది పూర్తయ్యాక లెక్చరర్ గారు వసారాలో మామయ్యగారి పక్కన కూర్చుని నా నోట్‌బుక్కు తెరిచారు. రెండు పేజీలు తిప్పి నవ్వారు.

"ఏమ్మా, తారుమారు చేసేశావే అంతా."

నేను గుమ్మంలో నిలబడి ఉన్నాను. "ఏమైందండీ?"

"సినిమాలో చిలక తిప్పింది ఎడమ చిప్ప. నువ్వు దాదాపు అన్నిటికీ కుడి అని రాశావు. ఎదురుగా ఉన్న మనిషి కుడి చెయ్యి మనకి ఎడమ వైపు ఉంటుంది చూడు, అలా పొరపడ్డావు. మరేం పర్లేదు."

"నేను దానికి ఎదురుగా కూర్చోలేదండీ. వెనకే కూర్చున్నాను. సినిమాలో కూడా అది కుడి చిప్పే తిప్పింది."

"సినిమా తీసింది నేనమ్మా."

అని జేబులోంచి ఎర్ర సిరా పెన్ను తీసి, పేజీ పైన "ఎడమ" ఉన్నచోట "కుడి" అని, "కుడి" ఉన్నచోట "ఎడమ" అని దిద్దారు. పక్కన ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. పరిశీలించే వ్యక్తికి కుడి ఎడమల తేడా సరిగా తెలియదు అని దాని అర్థం. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చని ఆయనకి తట్టలేదు.

మామయ్యగారు ఏం రాశారని అడిగారు. "పెద్ద విషయం కాదండీ, కుడి ఎడమ కలిపేసింది, సరిదిద్దాను. ఫలితం మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది. పిట్టలు సినిమా చూసి నేర్చుకుంటున్నాయి" అన్నారు లెక్చరర్ గారు.

మామయ్యగారు నా వైపు చూడకుండానే అన్నారు. "కుడి ఎడమ తెలియనిది, రేపు పిల్లలకేం చెప్తుందిలెండి."

ఇద్దరూ నవ్వుకున్నారు. నా ట్రైనింగు ఆ నవ్వులో పోయిందని నాకు తెలిసింది. ఆ ఎర్ర వాక్యం రాసిన చేత్తోనే ఆయన రేపు నాకు ఉత్తరం రాయాలి.

ఆ మధ్యాహ్నం కళ్ళంలో కాయలు సైజు వారీగా ఏరుతుంటే మా ఆయనతో చెప్పాను. ఆయన గంపలో గడ్డి సర్దుతూ విన్నారు.

"ఫలితం ఒకటేగా? నువ్వు రాసినా, ఆయన దిద్దినా, చిలకలు నేర్చుకున్నాయనేగా తేలింది."

"తప్పు నాదని తేలిందిగా."

"చిలకల విషయంలో తప్పయితే ఏమవుతుందే?"

"ఆ ఉత్తరంలో ఏం రాస్తారో మీకు తెలీదా?"

"బాగానే రాస్తార్లే. పెద్దమనిషి." గంప పక్కకి జరిపి, "నువ్వు ఊరుకుంటే రాస్తారు" అన్నారు.

నేను ఊరుకునేదాన్ని కాదని మూడేళ్ళలో ఆయనకి తెలిసే ఉండాలి. గడ్డి మీద చిన్న రసాలు పేరుస్తూ నేను తెర గురించి ఆలోచించాను. ఆలోచించడానికేం లేదు నిజానికి. మా ఊళ్ళో పబ్లిసిటీ వ్యానొచ్చి రెండు గుంజలకి తెర కట్టినప్పుడల్లా మగవాళ్ళు మెషీను వైపు కూర్చునేవాళ్ళు, ఆడవాళ్ళం తెర అవతల. మా వైపు నుంచి చూస్తే అక్షరాలన్నీ తిరగబడి ఉండేవి. బొమ్మలో పెళ్ళయితే పెద్దలు ఎడం చేత్తో అక్షింతలు వేసేవాళ్ళు. అందరూ ఎడం చేత్తోనే అన్నం కలుపుకునేవాళ్ళు. చిన్నప్పుడు నేను సినిమాల్లో మనుషులంతా ఎడంచేతివాటం అనుకున్నాను. చదువుకున్న లెక్చరర్ గారికి, ఊరూరా బొమ్మలేసే ఆపరేటర్‌కి అది తెలియకపోవడానికి కారణం ఒకటే అనుకున్నాను. వాళ్ళు ఎప్పుడూ మా వైపు కూర్చోలేదు. చిలకల్ని మాత్రం ఆడవాళ్ళ వైపు కూర్చోబెట్టారు.

మర్నాడు పొద్దున్న షెడ్డు దగ్గరికి వెళ్ళాను గానీ లోపలికి వెళ్ళలేదు. ఇంకా మూడు చిలకలున్నాయి. లెక్చరర్ గారు "కూర్చోమ్మా, టైమవుతోంది" అన్నారు.

"మీరు ఒక్కసారి నా పీట మీద కూర్చుని బొమ్మ చూడండి. తర్వాత కూర్చుంటాను."

"నేను తీసిన బొమ్మ నేను చూడలేదా?"

"ఇటువైపు నుంచి చూడలేదండీ."

ఆయన తెల్ల ప్యాంటు వేసుకుని ఉన్నారు. గూటి వైపు చూశారు, కింద రెట్ట వైపు చూశారు. "ఇదెక్కడి పట్టుదలమ్మా" అని మామయ్యగారికి కబురు పంపారు. మామయ్యగారు వచ్చి, "ఇంటి పరువు తీయకు, వెళ్ళి కూర్చో" అన్నారు. నేను కదల్లేదు. తిడితే తిట్టించుకున్నాను. మూడు చిలకలూ ఆకలికి అరుస్తున్నాయి, పొద్దెక్కుతోంది. గొడవ విని అత్తయ్యగారు పొయ్యి దగ్గర నుంచి వచ్చారు.

అప్పుడు నాకు తట్టి ఆపరేటర్ని అడిగాను. "నీ దగ్గర అన్నం తినే బొమ్మ ఏదైనా ఉందా?"

"చేతులు కడుక్కోండి అనే రీలుందండి అక్కయ్యగారూ. చివర్లో అందరూ కూర్చుని తింటారు."

"అది ఎక్కించు."

అతను లెక్చరర్ గారి వైపు చూశాడు. ఆయన విసుగ్గా, "కానీ, కానీ, ముచ్చట తీరనీ" అన్నారు. నేను అత్తయ్యగారిని బతిమాలి గూట్లోకి పంపాను. ఆవిడ వంగి, మూలిగి, పీట మీద కూర్చున్నారు. మెషీను తిరిగింది. మేమంతా మెషీను గదిలో నిలబడి చూస్తుంటే బొమ్మలో రైతు కుటుంబం బుద్ధిగా కుడిచేత్తో అన్నం కలుపుకుంటోంది.

తడిగుడ్డ అవతల నుంచి అత్తయ్యగారి గొంతు వచ్చింది. "ఛీ, వీడెవడే? ఎడం చేత్తో కలుపుతున్నాడు."

ఆవిడ అక్కడితో ఆగలేదు.

"పక్కన ముసలాయనా అంతే. ఆ పిల్లా అంతే. ఇంటిల్లిపాదీ ఎడం చేత్తో తింటున్నారు. చేతులు కడుక్కుని ఏం లాభం?"

"అత్తయ్యగారూ, మీరు చిన్నప్పుడు తెర వెనక కూర్చోలేదా?"

"కూర్చోక, మగాళ్ళ ముందుకి వెళ్ళి కూర్చుంటామా? ఇందుకే నేను బొమ్మలకి పోవడం మానేసింది. ఆ తిండి చూళ్ళేక."

ఆపరేటర్ తల దించుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. లెక్చరర్ గారు కాసేపు గుడ్డ వైపే చూసి, ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, అవతలి గదిలోకి వెళ్ళారు. అత్తయ్యగారు బయటికి వచ్చాక వంగి గూట్లో దూరారు. రీలు మార్చి చిలక బొమ్మ వేయమన్నారు. బొమ్మ అయిపోయింది. ఇంకోసారి వేయమన్నారు. మూడోసారి కూడా వేయించుకుని బయటికి వచ్చారు. జుట్టులో తాటాకు ముక్క ఉంది. నేను చెప్పలేదు.

"ఇది తిరగబడుతుందని నీకు తెలుసా?" అని ఆపరేటర్ని అడిగారు.

"తెలుసండీ."

"మరి చెప్పవేం?"

"పిట్టకి కుడేంటి, ఎడమేంటి అనుకున్నానండీ."

ఆ మనిషి తెలిసి ఊరుకున్నందుకు నన్ను ఇంటిల్లిపాదీ కుడి ఎడమ తెలియనిదన్నారు. తర్వాత ఎన్నో ఏళ్ళు నూజివీడు బజారులో అతను కనిపించి పలకరించేవాడు. నేను తలూపి వెళ్ళిపోయేదాన్ని.

లెక్చరర్ గారికి కోపం రాలేదు. అదే నా దురదృష్టం. మొహం వెలిగిపోయింది. వసారాలోకి వచ్చి మామయ్యగారితో గడగడా చెప్పారు. తను తీసింది ఎడమ, వాటికి కనిపించింది కుడి, అవి చేసింది కుడి. అంటే అవి అచ్చం తెర మీద చూసిందే చేశాయి. ఇప్పుడు రీలు తిరగేసి ఎక్కించి, కొత్త పిట్టలకి చూపిస్తే, అవి ఎడమ తిప్పాలి. రెండు వైపులా తేలితే ఇంక ఎవరూ కాదనలేరు. అయితే ఈ తొమ్మిది పిట్టలూ పనికిరావు, అవి ఒక పాఠం నేర్చేసుకున్నాయి, మిగిలిన మూడూ చాలవు. కాయ కోత అయిపోవస్తోంది, తొలకరి పడితే గుంపులు వెళ్ళిపోతాయి. కాబట్టి వచ్చే ఏడు మళ్ళీ వస్తానని, ఈ అమ్మాయినే కూర్చోబెట్టాలని, ఇంకెవరూ వద్దని అన్నారు.

"మహాభాగ్యం" అన్నారు మామయ్యగారు. ఈసారీ నన్నెవరూ అడగలేదు.

నేను గుమ్మంలోంచి అన్నాను. "ఆ ఎర్ర సిరా రాత కొట్టేయండి."

"ఏదమ్మా? ఓ, అదా. నోట్‌బుక్కులో కొట్టివేతలు ఎక్కువైతే బాగుండదు. తప్పెవరిదో మనకి తెలుసుగా."

"ఉత్తరం రాసిస్తానన్నారు."

ఆయన రాయబోయారు కూడా. మామయ్యగారే చెయ్యి అడ్డం పెట్టారు. "పని పూర్తయ్యాక కదా ఉత్తరం. వచ్చే ఏడు పూర్తవుతుందంటున్నారుగా మీరు."

నేను ఊరుకుని ఉంటే ఆ ఎర్ర వాక్యంతోనో, అది లేకుండానో ఏదో ఒక ఉత్తరం చేతికొచ్చేదేమో. మిగిలిన మూడు చిలకలూ అయితే పని అయిపోయేది. నేను చెప్పింది నిజమని తేలడం వల్ల పని మిగిలిపోయింది. మా ఆయన ఆ మాట పైకి అన్నారు కూడా. "నోరు మూసుకుని ఉంటే జులైలో హాస్టల్లో ఉండేదానివి." ఉండేదాన్ని. కుడి ఎడమ తెలియనిదానిగా ఉండేదాన్ని.

ఆ జులైలో వానలు బాగా పడ్డాయి. ఇంట్లోనే ఉన్నాను. మాగాణిలో నాట్లేసే వాళ్ళకి చద్దన్నాలు మోశాను. షెడ్డులో గూడు అలాగే ఉంది, తాటాకు నల్లబడింది. కోళ్ళు అందులో గుడ్లు పెట్టేవి. గుడ్ల కోసం వంగి దూరినప్పుడల్లా నా పీట కనిపించేది. ఎవరో ఒకరు ఇంటికొస్తే మామయ్యగారు, "మా కోడలు పెద్ద చదువులవాళ్ళ తప్పు పట్టింది" అని గొప్పగా చెప్పుకునేవారు. అదే నోటితో ట్రైనింగు మాట ఎత్తితే "చిలకల పని కానీ" అనేవారు. ఏడాది పొడుగునా అది తప్ప ఇంకో జవాబు రాలేదు. ఎండాకాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఏడాది నా జీవితంలో అదొక్కటే.

పూత బాగా వచ్చింది. కాయ కోతకి రాగానే లెక్చరర్ గారు కబురు చేశారు. పిట్టలు పట్టేవాళ్ళు కొత్త చిలకల్ని తెచ్చి ఇచ్చారు. ఆపరేటర్ రీలు తిరగేసి అమర్చాడు. ఈసారి యూనివర్సిటీ నుంచి ఒక పెద్దాయన కూడా వచ్చారు, చూసి వెళ్ళడానికి ఆ ఒక్కరోజే ఉంటారట. ఆయనకి కుర్చీ వేశారు, కొబ్బరి నీళ్ళిచ్చారు. చిలకలకి ముందురోజు మధ్యాహ్నం నుంచి మేత లేదు. ఎండ పెరిగితే అవి నోళ్ళు తెరుచుకుని కూర్చుంటాయి తప్ప ఏ చిప్పా ముట్టుకోవు. అదంతా నాకు పోయినేడే తెలుసు. గూట్లో కూర్చుని నేను నేర్చుకున్నది అంత తక్కువేం కాదు.

ఆరింటికి నేను షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ట్రైనింగు దరఖాస్తు ఫారం చాపాను. నా రాత అంతా నింపి ఉంది. పెద్దవాళ్ళ సంతకం దగ్గర ఖాళీ ఉంది.

మామయ్యగారు అది చూసి గొంతు తగ్గించారు. "ఇదా సమయం? లోపలికి వెళ్ళు. పనయ్యాక చూద్దాం."

"పోయినేడూ పనయ్యాకే అన్నారు మామయ్యగారూ."

"అతిథులున్నారు."

"ఉన్నారనే ఇప్పుడు తెచ్చాను."

పెద్దాయన కుర్చీలోంచి, "ఏమిటి ఆలస్యం?" అని అడిగారు. లెక్చరర్ గారు గడియారం చూసుకున్నారు. మామయ్యగారు మా ఆయన వైపు చూశారు. మా ఆయన జేబులోంచి తన పెన్ను తీసి మూత విప్పి వాళ్ళ నాన్నకి అందించారు. మూడు నాలుగేళ్ళలో నా వైపు ఆయన చేసిన మొదటి పని అది. దాన్నీ గుర్తుపెట్టుకున్నాను. నాకు అవమానాలు మాత్రమే గుర్తుంటాయని అంటారు గాని, అది అబద్ధం.

మామయ్యగారు మెషీను పెట్టె మీద కాగితం పెట్టి సంతకం చేశారు. వేలికున్న జీడి మరక ఫారం అంచున పడింది. తర్వాత ఫారం లెక్చరర్ గారి ముందు పెట్టాను. ఆయన అక్కడికక్కడే ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసిచ్చారు. ఓపిక గలది, నమ్మకస్తురాలు, చక్కని దస్తూరి, అలాంటివి. నేను నిలబడి చదివాను.

"ఇంకొక్క మాట రాయండి. నాకు కుడి ఎడమ తెలుసునని."

"అలాంటివి ఉత్తరాల్లో రాయరమ్మా."

"నోట్‌బుక్కులో రాశారుగా."

పెద్దాయన, "ఏమిటా సంగతి?" అన్నారు. లెక్చరర్ గారు వంగి ఐదో వాక్యం రాశారు.

అప్పటికి ఏడు దాటింది. ముసునూరు వైపు నుంచి పోస్టుమాన్ సైకిలు మీద వచ్చేది ఎనిమిదిన్నరకి. ఫారం ఇంట్లో వదిలేసి గూట్లోకి వెళ్తే, నేను బయటికి వచ్చేసరికి అది ఎక్కడుంటుందో నాకు తెలియదు. అందుకని గుమ్మంలోనే నిలబడ్డాను. మామయ్యగారు పళ్ళు కొరుకుతూ గట్టు మీద పచార్లు చేశారు. అత్తయ్యగారు రెండుసార్లు వచ్చి, "అంత నమ్మకం లేకపోతే ఎలాగే?" అన్నారు. రెండోసారి నాకు మజ్జిగ తెచ్చారు. చిలకలు అరిచీ అరిచీ ఊరుకున్నాయి. పోస్టుమాన్ వచ్చాక ఫారం, ఉత్తరం పెట్టిన కవరు నా చేత్తో అతని సంచీలో వేశాను, అతను మలుపు తిరిగేదాకా చూశాను. జులైలో నాకు సీటొచ్చింది, వెళ్ళాను.

కవరు వెళ్ళాక లోపలికి వెళ్ళి కూర్చున్నాను. బయట తాడు కట్టారు. తెర మీద చిలక ఎడమ వైపుకి నడిచింది. నా ముందున్న చిలక చెక్క లేవగానే ఎడమ చిప్పే తిరగదోసింది, తర్వాతి రెండూ అంతే. కానీ అప్పటికే రేకు కాగిపోయింది. నాలుగో చిలక నోరు తెరుచుకుని కదలకుండా కూర్చునేసరికి ఆ రోజుకి పని ఆపేశారు. పెద్దాయన మూడు చిలకల్నే చూసి వెళ్ళిపోయారు. పరిశీలకురాలి వల్ల మొదలుపెట్టడం ఆలస్యమైందని లెక్చరర్ గారు నోట్‌బుక్కులో ఎర్ర సిరాతో రాశారు. చదివాను. అది నిజమే కాబట్టి దిద్దమని అడగలేదు.